పన్నెండు రోజులు, పన్నెండు నామాలు

ఫిబ్రవరి 2, సోమవారం. ఉదయం 5:10

ఈ రోజు నుంచి పన్నెండు రోజులు. రోజుకొక దైవనామం. ఆ పేరు మొదట ఎవరి నోట వచ్చింది, దేవుడు ఎలాంటివాడని చెబుతుంది, ఒక పేజీ రాయాలి. ఆ రోజంతా ఆ పేరుకు తగ్గట్టు బతకాలి.

కారణం: పద్నాలుగో తారీకున చర్చిలో స్త్రీల కూడిక. ‘ఎవరు మాట్లాడతారు?’ అని పాస్టరమ్మ కమలకుమారి గారు అడిగితే అందరూ నేలకేసి చూశారు. నా చెయ్యి లేచింది.

మా ఆయన కరుణాకర్ పడుకునే అన్నాడు, “పన్నెండెందుకు సుగుణా, ఆరు పెట్టుకో.” పన్నెండే.

నేటి నామం: ఎలోహీం, సృష్టికర్త. రెండు పేజీలు వచ్చాయి. ఎర్ర పెన్నుతో గీతలు కూడా. టొరంటో స్కార్‌బరోలో మంచు మీద వెలుగు పడుతుంటే, ఇదంతా ఆయన పనే కదా అనిపించి నేను నడిపే స్కూలు బస్సు స్టార్ట్ చేయడానికి రెండు నిమిషాలు ఆలస్యం చేశాను.

ఫిబ్రవరి 3, మంగళవారం. 5:15

అదోనాయ్. ప్రభువు, యజమాని. ఆయన యజమాని అయితే నేను కాదు. పేజీన్నర.

సాయంత్రం కరుణాకర్ వేర్‌హౌస్ డ్యూటీ నుంచి రాగానే చెప్పాను: బూట్లు అక్కడ కాదు, సంచి ఇక్కడ కాదు, చెత్త బయట పెట్టాలి.

“ఇవాళ యజమాని ఎవరన్నావ్?” అన్నాడు.

ఫిబ్రవరి 4, బుధవారం. 5:40

యెహోవా షాలోమ్. సమాధానకర్త. బైబిల్లో గిద్యోను భయంతో వణుకుతున్నప్పుడు ఆ పేరు దొరికింది. ఒక పేజీ.

7:40. నా బస్సు స్టాప్ బోర్డు తెరిచి ఉంది, పిల్లలు ఎక్కుతున్నారు, ఒక కారు పక్కనుంచి దూసుకుపోయింది. తెలుగులో నాలుగు మాటలు అన్నాను. గట్టిగానే. ముందు సీటులో పాప అడిగింది, ఆ మాటలకు అర్థమేమిటని. దయచేసి నెమ్మదిగా వెళ్లండి అని, అన్నాను.

ఫిబ్రవరి 5, గురువారం

యెహోవా రోహి, కాపరి. మంచు తుఫాను వల్ల బస్సులు రద్దు. కాపరి గొర్రెలకు విశ్రాంతి ఇస్తాడు కాబట్టి విశ్రాంతి తీసుకున్నాను. లేచేసరికి 11:30. నాలుగు లైన్లు.

ఫిబ్రవరి 6, శుక్రవారం

స్వస్థపరిచేవాడి రోజు. గొంతు నొప్పి, జలుబు. సమకూర్చేవాడిని కూడా ఇందులోనే కలిపేశాను. రెండు నామాలు, అర పేజీ. లెక్క సరిపోయింది. ఒక రోజు ముందున్నాను కూడా.

ఫిబ్రవరి 7, శనివారం

ముందున్నాను కాబట్టి సెలవు.

ఫిబ్రవరి 8, ఆదివారం

ఆరాధన అయ్యాక కమలకుమారి గారు అందరి ముందూ, “మన సుగుణమ్మ పన్నెండు నామాలు ధ్యానిస్తున్నారు, శనివారం ఒక్కరూ మానకూడదు” అన్నారు. చప్పట్లు. నేనూ నవ్వాను.

మధ్యాహ్నం మా అమ్మాయి అనన్యకు మూడుసార్లు ఫోన్ చేశాను. గ్వెల్ఫ్ యూనివర్సిటీలో రెండో సంవత్సరం చదువుతోంది. ఎత్తలేదు. ‘బిజీ’ అని మెసేజ్.

ఫిబ్రవరి 9, సోమవారం. మధ్యాహ్నం 1:05

డిపోలో. ఫోన్‌లో వెతికి ఆరు నామాలు ఏడు నిమిషాల్లో ఎక్కించాను. మొత్తం పన్నెండు పూర్తి. చదువుకుంటే మందుల షాపు చీటీలా ఉంది. హాగరు గురించి ఒక్క లైను: ‘ఎల్ రోయీ, నన్ను చూసే దేవుడు.’ అంతే. చేతిరాత నాది, మాట నాది కాదు.

ఫిబ్రవరి 10, మంగళవారం

కందిపప్పు, పెరుగు, ఉల్లిపాయలు, దగ్గు మందు. వేరే కాగితం దొరకలేదు.

ఫిబ్రవరి 11, బుధవారం. గ్వెల్ఫ్

ఉదయం 10:20కి డిపోలో ఉండగా అనన్య ఫోన్.

“అమ్మా, ఆర్ యూ డ్రైవింగ్?”

“లేదురా, చెప్పు.”

చెప్పింది. కెమిస్ట్రీ పరీక్ష పోయింది. రెండు వారాలుగా క్లాసులకు వెళ్లడం లేదు. గది దాటి రావడం లేదు.

“నాన్న విల్ బి సో...”

“నాన్న సంగతి నేను చూసుకుంటా. తిన్నావా?”

“నో.”

“వస్తున్నా.”

“అమ్మా, ఇట్స్ స్నోయింగ్.”

“నేను బస్సు డ్రైవర్ని. స్నో గురించి నాకు చెప్తావా?”

పక్కనే మాల ఉంది. ఆమె కూడా డ్రైవరే, ఫిజీ తెలుగువాళ్ల మనవరాలు. నా ముఖం చూసి నా సంచి తెచ్చి చేతిలో పెట్టింది. “నీ సాయంత్రం రూట్ నేను చేస్తా. మేనేజర్‌తో నేను మాట్లాడతా. నువ్వు పో.”

సబ్‌వే రైలు, ఆ తర్వాత రెండు బస్సులు. దారంతా ప్రార్థన చేయాలనుకున్నాను. పన్నెండు నామాల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. ‘ప్రభువా, నా పిల్ల’ అన్నాను, అంతే. అదే మళ్లీ మళ్లీ.

3:40కి అనన్య హాస్టల్ గదికి చేరాను. కర్టెన్లు మూసి ఉన్నాయి. పిల్ల సగమైపోయింది. ఏమీ అడగలేదు. అందరూ వాడుకునే వంటగదిలో చారు పెట్టాను. పోపు వేయగానే పొగ అలారం మోగింది. నాలుగు గదుల వాళ్లు పరుగెత్తుకొచ్చారు. నేను గరిటెతో, అనన్య తువ్వాలుతో విసురుతూ నిలబడ్డాం. అప్పుడు నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. రెండు పళ్లేలు తిన్నది.

“నాన్న చెప్పాడు, ఏదో నేమ్స్ చేస్తున్నావట. టుడేస్ నేమ్ ఏంటి?”

చూసే దేవుడు, అన్నాను. ఎక్కించిన లైను పక్కన పెట్టి కథ చెప్పాను. హాగరు దాసి. గర్భంతో ఉంది. యజమానురాలి కష్టం పడలేక ఎడారిలోకి పారిపోయింది. ఇంట్లో అందరికీ ఆమె ‘దాసి’. నీటి ఊట దగ్గర దేవదూత పేరు పెట్టి పిలిచాడు. ఎక్కడి నుంచి వచ్చావు, ఎక్కడికి వెళ్తున్నావు అని అడిగాడు. అప్పుడు ఆమె దేవునికి ఆ పేరు పెట్టింది.

“వెయిట్. సర్వెంట్ గర్ల్ దేవుడికి పేరు పెట్టిందా?”

“అవును. అబ్రాహాము కంటే ముందే.”

“తర్వాత?”

“మళ్లీ ఆ ఇంటికే వెళ్లమన్నాడు. వెళ్లింది.”

“ఆ పార్ట్ నాకు నచ్చలేదు.”

“నాకూ నచ్చదు” అన్నాను. నిజమే చెప్పాను.

అది పడుకుంది. నేను ఈ పుస్తకం తిరగేస్తున్నాను. గిద్యోను వణుకుతున్నాడు. అబ్రాహాము కొడుకును బలికి కట్టెల మీద పడుకోబెట్టాడు. హాగరు పారిపోయింది. ఈ పేర్లన్నీ ఎవరో ఒకరికి బాగోలేని రోజున దొరికినవే. ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుంటే ఒక్కటీ రాలేదు.

ఫిబ్రవరి 12, గురువారం

ఉదయం యూనివర్సిటీ కౌన్సెలర్ దగ్గరికి. లోపలికి తనే వెళ్తానంది. నేను బయట కుర్చీలో కూర్చున్నాను. యాభై నిమిషాలు.

రేపటి నుంచి వాళ్లకు వారం సెలవులు. బట్టలు సర్దించి ఇంటికి తీసుకొచ్చాను. దారిలోంచే కరుణాకర్‌కు అంతా చెప్పాను. ఇంటికి చేరేసరికి తలుపు తీసి అనన్య సంచి అందుకుని, “రోడ్లు ఎలా ఉన్నాయమ్మా?” అన్నాడు. రోడ్ల గురించే అరగంట మాట్లాడుకున్నారు, ఇద్దరూ.

ఫిబ్రవరి 14, శనివారం. సాయంత్రం 4:30

ఇరవై ఆరు మంది వచ్చారు. లేచి నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను.

“పన్నెండు నామాలు చెప్తానన్నాను. ఆరు నేను రాశాను, అందులో రెండు జలుబుతో కలిపేశాను. మిగతావి కాపీ. ఒక్కటే నిజంగా తెచ్చాను.”

నవ్వారు. హాగరు గురించి చెప్పాను. అనన్య పేరు చెప్పలేదు, ఒక తల్లి అన్నాను. అందరికీ అర్థమైంది.

నేను కూర్చున్నాక కమలకుమారి గారు లేచారు. పాఠం తప్పినందుకు ఏమంటారోనని భయపడ్డాను.

“పాస్టరుగారు హాస్పిటల్‌లో ఉన్న నలభై రోజులు నాకూ ఏ పేరూ గుర్తు రాలేదమ్మా” అన్నారు. “ఇమ్మానుయేలు ఒక్కటే. మనకు తోడున్న దేవుడు. మనిషిగా పుట్టి, ఆకలి తెలిసి, ఏడుపు తెలిసినవాడు. ఆ ప్లాస్టిక్ కుర్చీలో నా పక్కన కూర్చున్నాడు.”

తర్వాత ఒక్కొక్కరూ తమకు పేరు దొరికిన రోజు చెప్పారు. ఉద్యోగం పోయిన వారం ఒకరికి, కాన్పు రోజు ఒకరికి. టీ చల్లారిపోయింది. ఎవరూ గడియారం చూడలేదు.

ఫిబ్రవరి 16, సోమవారం. ఉదయం 7:30

సెలవు రోజు. మళ్లీ మొదటి రోజు.

ఈసారి నియమాలు: ఒక్కొక్క పేరు, అది ఎన్ని రోజులు పడితే అన్ని రోజులు. కాపీ లేదు. ఉదయం 5:10 లేదు.

మొదటి నామం: అబ్బా. యేసు తండ్రిని పిలిచిన పిలుపు. మన ‘నాన్నా’ లాంటిది.

“నేను రోజూ అంటున్నా కదా, అబ్బా అని” అన్నాడు కరుణాకర్ మోకాలు పట్టుకుని.

అనన్య దుప్పటి కప్పుకుని వచ్చి పక్కన కూర్చుంది. “కెన్ ఐ యాడ్ వన్?”

“ఆ దాసి అమ్మాయికి అడ్డు లేనిది నీకేంటి? రాయి.”

పెన్ను తీసుకుని ఇంగ్లీషులో రాసింది. తెలుగులో ఎలా రాయాలని అడిగింది. ఒక్కొక్క అక్షరం చెప్పాను. రెండు ఒత్తులు ఎక్కువ పెట్టి, ఒక దీర్ఘం మరిచిపోయి, మొత్తానికి రాసింది:

మార్కులు అడగనివాడు.

స్నానానికి వెళ్లింది. కెమిస్ట్రీ పరీక్ష మళ్లీ ఎప్పుడు పెడతారో కనుక్కోవాలని నాలుక చివరిదాకా వచ్చింది. లేచి టీ పెట్టుకున్నాను.