ముంచని పడవ

ఉషక్కా,

ఆటకు మార్కులు వేస్తే అది ఇంకా ఆటేనా? పదేళ్లుగా ఈ ప్రశ్నతోనే ఇంటర్నేషనల్ కిండర్‌గార్టెన్‌లో పనిచేస్తున్నాను.

మా క్లాసులో నీళ్ల తొట్టి ఆట ఒకటుంది. బొమ్మ పడవలో గులకరాళ్లు వేస్తూ, అది ఎప్పుడు మునుగుతుందో పిల్లలు చూడాలి. సముద్రపొడ్డు పల్లె మైపాడు నుంచి ఉచిత సీటులో వచ్చే యామిని మాత్రం రాయి ముట్టదు. మూడుసార్లు చూసి, "ఆటలో చేరదు" అని రిపోర్టులో రాసేశాను. నిన్న పక్కన కూర్చుని అడిగితే, "మా నాయన చేపల ఏటకు సముద్రంలోకి పోయుండాడు మిస్. ఆయన వొచ్చిందాకా పడవ ముంచగూడదని మా అవ్వ చెప్పింది" అంది.

ఆ రిపోర్టు అలాగే వెళితే పిల్లను ఒకటో తరగతిలోకి తీసుకోరు. "చక్కగా ఆడుతుంది" అని దిద్దితే, ఆ మాట నిజమని చూపడానికి శనివారం తల్లిదండ్రులందరి ముందు ఆమె చేతే పడవ ముంచించాలి. వేరే ఆట పెడతానంటే ప్రిన్సిపాల్ గారు, "అందరికీ ఒకటే తొట్టి మేడం" అన్నారు. ఉద్యోగం మానేద్దామా అంటే, నా తర్వాత వచ్చే టీచరుకు ఆ పిల్ల ఎందుకు ఆడదో కూడా తెలియదు.

ఈరోజు నన్ను చూడగానే యామిని పడవను గౌను చాటున దాచుకుంది.

రేపు సంతకం పెట్టాలి. వాళ్ల నాయన ఇంకా ఒడ్డుకు రాలేదు. ఏం రాయాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నానక్కా.

నీ చెల్లెలు