గడ్డం దగ్గర గీత

బావగారికి,

మీ అమ్మాయి నా దగ్గర కులాసాగానే ఉంది. పళ్ళు చూపించమని పంపారు గనక ముందు ఆ సంగతి రాస్తున్నాను. నిన్న మా క్లినిక్‌లో దాన్ని పక్కకి తిప్పి నిలబెట్టి తలకి ఎక్స్‌రే తీశాం. ఫిల్ము మీద పల్చటి కాగితం పరిచి, ముక్కు మొదలు నుంచి గడ్డం దాకా ఎముక అంచులు నేనే పెన్సిల్‌తో గీసి కోణాలు కొలిచాను. పై పళ్ళు కాస్త ఎత్తు, అంతే. క్లిప్పులు వేస్తే సర్దుకుంటాయి.

అదేమో పళ్ళ మాట వదిలేసి, గడ్డం ఎముక కోసి ముందుకి జరపమని డాక్టరుగారి వెంట పడింది. ఎందుకే అంటే చెప్పదు.

ఈ పని నేర్చుకునే రోజుల్లో నేను అక్క ఎక్స్‌రే మీద గీసుకున్న కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. మనసు ఆగక, దాన్ని తీసి దీని కాగితం మీద పెట్టి చూశాను. అటుగా వచ్చిన డాక్టరుగారు, "ఒకే మనిషికి రెండుసార్లు ఎందుకు గీశావమ్మా?" అన్నారు. పాతది మా అక్కదని చెప్పాను. వెనక నిలబడ్డ మీ అమ్మాయి అది విని, "చూశావా పిన్నీ! అందుకే అమ్మ పోయినప్పటి నుంచి నాన్న నా మొహం చూడడం లేదు. ఇది మారిస్తే చూస్తాడు," అంది.

బావగారూ, మీ బాధ నాకు తెలియంది కాదు, పోయింది నా అక్కే. కానీ ఈ పిల్లకి ఏ ఆపరేషనూ అక్కర్లేదు. తిట్టుకుంటే తిట్టుకోండి, ఆదివారం తీసుకొస్తున్నాను. తలుపు మీరే తీయండి. తీశాక మొహం తిప్పుకోకండి.

మీ మరదలు