రోగి చెల్లడు

సోమవారం, హైడెల్‌బర్గ్
ఒట్టు! ఈసారి ప్రోగ్రామ్‌లో ఒక్క మినహాయింపు కూడా రాయను. ఎవరైనా ఉచితంగా వాడుకునే మా స్కాన్ సాఫ్ట్‌వేర్‌కు రేడియేషన్ చికిత్స ఫైళ్లు చదవడం నేర్పాలి. ఒంట్లో ఎక్కడ, ఎంత పడిందో అది చూపించాలి. ఆ ఫైళ్లు ఎలా ఉండాలో రాతపూర్వకమైన నియమాలున్నాయి. పాటించిన ఫైలుకు స్వాగతం, పాటించనిదాన్ని గెంటేయడమే. ప్రాణం ఎంత హాయిగా ఉందో!

మంగళవారం
పొద్దున్నే బోలెడు ఫైళ్లు గెంటేశాను. పండగ!
మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఫోన్. రేడియేషన్ లెక్కలు చూసే ఆవిడ, ఫ్రావ్ టోన్నీస్.
"హెర్ డీట్స్, మీ ప్రోగ్రామ్ 'రోగి చెల్లడు' అంటోంది. ఆ రోగి నా పక్కనే కూర్చుని చదివారు."
"ఏమన్నారు?"
"ఇన్నేళ్లు ట్రామ్ నడిపాను, ఇలా ఎవరూ దింపేయలేదు అన్నారు."
ఆయన పేరు హెర్ క్వాస్ట్. పాత కణితి వెన్ను పక్కన మళ్లీ లేచింది. అప్పట్లో ఇచ్చిన రేడియేషన్ ఎక్కడ పడిందో తెలియకుండా ఇంకోసారి ఇస్తే కాళ్లు పడిపోవచ్చు. శుక్రవారమే చికిత్స. అప్పటి ఫైలు రాసిన సాఫ్ట్‌వేర్ కంపెనీ మూతపడి చాలాకాలమైంది.
అయినా సరే, నియమం నియమమే. రాత్రి సూప్ సహించలేదు.

బుధవారం
హెర్ క్వాస్ట్ ఫైలు చెల్లనిది రోగి బరువు గడి ఖాళీగా ఉన్నందుకే; పోనీలే అని పోనిచ్చాను. ఇది మినహాయింపు కాదు, మర్యాద.
ఫైలు తెరుచుకుంది. వెన్నుకిచ్చిన రేడియేషన్ బొడ్డు దగ్గర వెలుగుతోంది! ఆయన్ని బోర్లా పడుకోబెట్టి ఇచ్చి, ఫైల్లో వెల్లకిలా అని రాసినట్టున్నారు.

గురువారం
ఈ ఫైలును తిప్పి చదివేలా మినహాయింపు రాయాలంటే మా సాఫ్ట్‌వేర్ సంఘం ఓటు వేయాలి. ఆ నిబంధన పెట్టించిన మహానుభావుణ్ణి నేనే.
బీరు హోటల్లో సమావేశం. అంశం: హెర్ క్వాస్ట్ బోర్లానా, వెల్లకిలానా? చెరో మూడు ఓట్లు. కోశాధికారి తటస్థం.
"పక్కకి తిరిగి పడుకున్నాడని రాసేద్దామా, రాజీగా?" అన్నారు అధ్యక్షులు హెర్ రోమ్‌కె.
"పాత స్కాన్‌లో బల్ల పొట్టకే ఆని ఉంది, కనబడట్లేదా?" అన్నాను.
"స్కాన్‌కు ఓటు లేదండీ."
ఒళ్లు మండి ఫ్రావ్ టోన్నీస్‌కు ఫోన్ చేశాను. ఆవిడ హెర్ క్వాస్ట్‌నే లైన్లోకి తెచ్చారు. సంగతంతా చెప్పాను.
"బోర్లానే! ముక్కు చితికిపోయింది. నాకూ ఓటు లేదా? అయితే ఇప్పుడే సభ్యుణ్ణి చేసుకోండి."
చేసుకున్నాం. నాలుగు, మూడు. నెగ్గాం!

శుక్రవారం
తిప్పి తెరిచిన ఫైలును ఫ్రావ్ టోన్నీస్ ఆసుపత్రిలోని పాత ఫిల్ములతో పోల్చి చూశారు. సరిపోయింది.
"కొత్త కిరణం సరిగ్గా పాత చోటికే వెళ్తోంది. కోణం మార్చేశాను. ఈ ఫైలు తెరుచుకోకపోతే ఆయన్ని నా చేతులతోనే కుంటివాణ్ణి చేసేదాన్ని, హెర్ డీట్స్."
మంగళవారం నేను చేసుకున్న పండగ తలచుకుంటే సిగ్గేసింది.

సోమవారం
ఒట్టు! ఇవాళ్టి నుంచి ఒక్క మినహాయింపు కూడా...
ఫోన్. హెర్ క్వాస్ట్.
"నాకు అప్పట్లో రేడియేషన్ ఇచ్చిన యంత్రం కింద నాతోపాటు బోర్లా పడుకున్నవాళ్లు పదకొండు మంది ఇంకా బతికే ఉన్నారు. ఏ ఒక్కరూ మీ దగ్గర చెల్లడం లేదట. అందర్నీ వెంటబెట్టుకుని వస్తున్నాను, సభ్యత్వాలు సిద్ధం చేయండి."
ఒట్టు. ఈ పదకొండు మంది అయ్యాక, ఇక ఒక్కటి కూడా రాయను.