చెవి దెబ్బకు సాక్షి

నాచారం,
9–5–1995

జనార్ధన్ బావా,

విమాన కంపెనీ వాళ్లు పైలట్ ఉద్యోగానికి పిలిచారు. ఇరవై రెండున డాక్టరు పరీక్ష. ఫారంలో "చెవికి ఎప్పుడైనా దెబ్బ తగిలిందా?" అని అడిగారు. తగిలిందనే రాశాను.

నిన్న ఉప్పల్ బస్టాండులో నువ్వు, "గది ఖాళీగ ఇడువురా, ఎవడు సూస్తడు?" అన్నావు. డాక్టరు చూస్తాడు. పోయిన ఎండాకాలం మేడిపల్లిలో మీ బావిలోకి మోటారు రూము పైకప్పు మీంచి పందెం కట్టి దూకినప్పుడు నా కర్ణభేరి చిరిగింది. మానింది కానీ మచ్చ ఉంది. నిజం రాస్తే ఉద్యోగం ఇస్తారో లేదో తెలియదు. దాచానని తేలితే ఏ కంపెనీ గడపా తొక్కనివ్వరు.

ఆ రోజు "విమానం నడిపేటోనికి బాయంటే భయమా?" అని ఎగేసింది నువ్వే. తప్పు నీది అనడం లేదు. దూకింది నేను. చెవిలోంచి కారిన రక్తం తుడిచింది కూడా నువ్వే కాబట్టి సాక్షివి నువ్వొక్కడివే. దెబ్బ ఎలా తగిలిందో రాసి, చూసినవాళ్ల సంతకంతో తెమ్మని ఫారంలోనే ఉంది. కాగితం రాసి ఇందులో పెట్టాను. అక్క తిడుతుందని ఆగకు. అక్కకు నేనే చెప్పేశాను. నా వంతు తిట్లు అయిపోయాయి, నీ వంతు మిగిలింది.

సంతకం చేసిన కాగితం ఇరవయ్యో తేదీలోగా నాకు అందాలి. పరీక్ష అయ్యాక వచ్చే ఆదివారం బావి దగ్గరికి వస్తాను. బట్టలు విప్పకుండా గట్టు మీదే కూర్చుంటాను. ఈసారి భయమా అని అడిగితే అవునంటాను.

నీ బామ్మర్ది