ఆ మూల రెండు వరుసలు

బాపట్ల,
14 మార్చి 2025.

ప్రియమైన జెస్సీకి,

నగ్మా ప్రేమతో రాస్తున్నది. ఇక్కడ అమ్మీ, నేనూ బాగానే ఉన్నాం. సంగం జాగర్లమూడిలో మీ అమ్మగారి మోకాళ్ల నొప్పులు తగ్గాయనీ, మీ రోహిత్ ఏడవకుండా బడికి వెళుతున్నాడనీ తలుస్తాను.

నీ మెసేజ్ చూశాను. తెనాలి కాలేజీలో రోజంతా అవే పాఠాలు అరిచి అరిచి గొంతు పోయిందనీ, మన ఉప్పునేల వరి ప్రాజెక్టుకి డబ్బు వస్తే ఉద్యోగం మానేసి మళ్లీ బర్నబాస్ సార్ దగ్గరికి వచ్చేస్తాననీ రాశావు. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, నీ గొంతు వింటే చెప్పాల్సింది చెప్పలేను.

రావద్దే. డబ్బు రాలేదు.

నువ్వు వెళ్లాక ఏం జరిగిందో నీకు సరిగా తెలియదు. పోయిన రంజాన్‌కి వచ్చిందే నా చివరి ఫెలోషిప్. సార్ ఢిల్లీకి ఫోన్ చేసినప్పుడల్లా ఫైలు నడుస్తోందండి అనేవాళ్లు. నాట్లకి కూలీలను సార్ తన జీతంతోనే పెట్టారు. మొదట ప్రాజెక్టు జీపు ఆగింది, తర్వాత డ్రైవరు మానేశాడు. అయినా చేను మాత్రం మమ్మల్ని మోసం చేయలేదు. పెనుమూడి దగ్గర ప్రభుదాస్ బాబాయ్ పొలం గుర్తుందిగా, ఉప్పు పైకి తేలి మట్టి తెల్లబడిన చేను? మేం వేసిన రకాలన్నీ అక్కడ ఎర్రబడి పడిపోతే, ఒక మూల రెండు వరుసలు పచ్చగా నిలబడ్డాయి. వెన్నులు బరువుతో వంగాయి. ఇన్నేళ్ల ఎంపికలో అలాంటివి తేలడం అదే మొదటిసారి. బాబాయ్ రోజూ వెళ్లి చూసేవాడు. "వచ్చే ఏడు ఆ మూలది నాకు విత్తనం ఇస్తారుగా అమ్మా?" అనేవాడు. సార్ నవ్వడం చాలా కాలానికి అప్పుడు చూశాను.

నీకు తెలుసుగా, మన వరుసల్ని కొడవలితో విడివిడిగా కోసి, దేనికది చీటీ కట్టి దాచాలి. అందుకు కూలీలు కావాలి. నవంబరు చివర తుఫాను వస్తుందన్నారు. ఆ సాయంత్రం బాబాయ్ ఫోన్ చేశాడు. "రేపు పొద్దున్నే కోత మిషన్ వస్తోందమ్మా, మళ్లీ మా ఊరికి రాదంట. ఊరంతా కోయించేస్తన్నారు. మీ వాళ్లని పంపుతారా?" అని. ఎలాగోలా పొద్దునకల్లా వస్తాం, ఆ మూల మాత్రం ముట్టుకోవద్దు బాబాయ్ అన్నాను. సార్ ఎవరెవరినో అడిగారు. కలుపు తీసిన కూలి బాకీ తీర్చందే ఎవరూ రామన్నారు.

చివరికి నేనొక్కదాన్నే కొడవలి, గోనెసంచులు పట్టుకుని మొదటి బస్సెక్కాను. వాన వల్ల బస్సు నెమ్మదిగా నడిచింది. రేపల్లెలో ఆటో దొరకడం ఇంకా ఆలస్యం. నేను వెళ్లేసరికి చేను మొత్తం మోళ్లే. బాబాయ్ గట్టు మీద తలకి గోనెసంచి కప్పుకుని నిలబడ్డాడు. "ఆ మూల వదిలెయ్యమన్నానమ్మా. వానొస్తంది, తిప్పటానికి టైము లేదని మిషనువాడు లాగించేశాడు" అన్నాడు. కళ్లంలో పట్టా కింద బాబాయ్ మిగతా చేల వడ్లతో కలిసిపోయి ఒకటే రాశి. కొండమ్మ పిన్ని నా మొహం చూసి కంగారుపడింది. "ఏంటమ్మా అట్టా అయిపోయావు? మీ వడ్లేగా, ఎన్ని కావాలంటే అన్ని పట్టుకెళ్లు" అంది.

అందులో ఏ గింజ ఆ మూలదో ఎవరు చెప్పగలరు జెస్సీ? నేను రాశి పక్కన కూర్చుని కాసేపు చేత్తో గింజలు ఏరాను. ఎందుకు ఏరానో నాకే తెలియదు. పిన్ని వచ్చి చెయ్యి పట్టుకుని లేపింది.

సార్‌కి చెప్పాను. అన్నం తిన్నావా అని అడిగారంతే. ఆ వారమంతా ల్యాబ్‌లో లైటు వేయకుండా కూర్చున్నారు.

అందుకే, నీ ఉద్యోగం వదలకు. గొంతుకి వేడినీళ్లు పుక్కిలించు. అమ్మీ నిన్ను అడిగిందని చెప్పమంది. పండగకి సేమియా తినడానికి వస్తే చాలు.

నీ,
నగ్మా

తా.క.: డబ్బు రాలేదని పైన రాసింది అబద్ధం. మొన్న సోమవారం వచ్చింది. ఈ నెలాఖరులోగా ఖర్చు చేయాలట, లేకపోతే వెనక్కి పోతుంది. జనవరిలో మేం పంపిన రిపోర్టులో, ఆ రెండు వరుసలూ విడిగా కోసి విత్తనం భద్రపరిచామని ఉంది. సార్ గోడవైపు తిరిగి చెబుతుంటే టైపు చేసింది నేనే. ఆ వాక్యం లేకపోతే ప్రాజెక్టు మూసేసేవాళ్లు. ఆ వాక్యం చూసే డబ్బిచ్చారు. వచ్చే నాట్లలో ఏ విత్తనం వేస్తామో సార్‌ని అడగలేదు, ఆయనా చెప్పలేదు. నీ పోస్టు కూడా మంజూరైంది. జెస్సీని రమ్మని రాయమ్మా అని ఈ మధ్యాహ్నం సారే చెప్పారు. రాస్తానండి అన్నాను.