చిలుక ముక్కు దగ్గర గళ్లు

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. సూర్యుడి నుంచి దూసుకొచ్చే ప్లాస్మా, అంటే విద్యుదావేశమున్న కణాల ప్రవాహం, భూమి అయస్కాంత క్షేత్రానికి తగలబోతూ ఒక్కసారిగా నెమ్మదించి పోగుపడుతుంది. ఆ అంచును షాక్ అంటారు. దాన్ని కంప్యూటర్‌లో గళ్లు గళ్లుగా లెక్కగట్టి బొమ్మ తీయడం నా పని. ఎన్నాళ్లుగానో ఆ అంచు మసకగానే వచ్చేది.

మొన్న నల్లగొండలో మగ్గం గది సర్దుతుంటే, నువ్వు చీర కోసం గీసిన గ్రాఫు కాగితం దొరికింది. చిలుక ఒంటికి పెద్ద గళ్లు. ముక్కు దగ్గర మాత్రం ఒక్కో గడినీ నాలుగు చేశావు. నీ కళ్లు పోతాయని నేను విసుక్కుంటే, "గళ్లు పెద్దగైతే ముక్కు మాయమైతది బిడ్డా" అనేవాడివి.

నేనూ ఆ షాక్ అంచు దగ్గరే గళ్లు చిన్నవి చేశాను. పొద్దున గీత పదునుగా వచ్చింది. గళ్లతో సహా అచ్చు తీసి అమ్మకు చూపించాను.

వంపు వెంట, చిన్న గళ్ల మీద వేలు జరిపి అడిగింది: "గిది మీ బాపు ఎన్నడు గీసిండే?"