అందరికీ తెరుచుకునేలా

బావగారికి,

"ట్రస్టు పెద్దల దగ్గర ఆ సాఫ్ట్‌వేర్ లేదట. స్లైడ్లు అందరికీ తెరుచుకునేలా చేసి పంపెయ్ అమ్మాయ్" అన్నారు కదా, నేరుగా వాళ్లకే పంపేశాను.

ఆ స్లైడ్లలోని పిల్లల ఆసుపత్రి నమూనా నేను గీసింది. పోయిన సభలో మొదటి స్లైడు మీద నా పేరు తీసేసి మీ పేరు పెట్టుకున్నారు. అడిగితే, "ఇంట్లోవాళ్ల మధ్య నీది నాది ఏంటి?" అని నవ్వారు. ఆ నవ్వు నాకింకా మంటగానే ఉంది.

అందుకే ఈసారి స్లైడ్లను వీడియోగా మార్చాను. ఏ ఫోన్‌లోనైనా ఆడుతుంది. నా పేరు చెప్పుకుని, ఒక్కో గదినీ అలా ఎందుకు గీశానో నా గొంతుతోనే వివరించాను. ఇక చెరుపుకోండి చూద్దాం.

ట్రస్టు అధ్యక్షుడుగారు ఇందాకే ఫోన్ చేశారు. "అమ్మా, రేపు సభకు మీరే వచ్చి చెప్పండి" అన్నారు.

మీరూ రండి. ముందు వరసలో కుర్చీ వేయిస్తాను.

మీ మరదలు